సంతకం లేని గొడుగు

పోయిన వారం కథ ఆగినచోట మీరు నన్ను టెస్టింగ్ గది గుమ్మంలో నిలబెట్టి వెళ్లారు. అక్కడి నుంచే అందుకుంటాను.

గదిలో పెద్ద తెర మీద పన్నెండు మంది సైనికులు విమానంలోంచి దూకుతున్నారు. మేం తయారుచేస్తున్న కంప్యూటర్ ఆట అది; యుద్ధం మేం కల్పించిందే, విమానం మేం గీసిందే. ఆ ఉదయం చేస్తున్న పరీక్ష ఒక్కటే. పన్నెండు మందికీ వీపు మీదున్న మెయిన్ పారాచూట్‌ని కావాలని పాడుచేసి, ఛాతీకి కట్టుకున్న రెండోది, రిజర్వ్, తెరుచుకుంటుందో లేదో చూడాలి. పదకొండు రిజర్వులు టపటపా విచ్చుకున్నాయి. ఏడోది విచ్చుకోలేదు. మళ్లీ నడిపారు. మళ్లీ ఏడోదే. ఆరుసార్లు నడిపితే ఆరుసార్లూ ఏడో నంబరు సైనికురాలు రాయిలా వచ్చి పొలంలో పడింది.

సైనికులకి పెట్టిన ముఖాలు మా స్టూడియోలో పనిచేసేవాళ్లవే. కెమెరా ముందు కూర్చోబెట్టి స్కాన్ చేసి అతికించాం. ఏడో నంబరుది మా చెల్లి ముఖం. దూకే లెవెల్‌కి కోడ్ మొత్తం రాసింది నేను.

ఇక నేను గుమ్మంలో కనబడగానే వాళ్లేం అనుకుని ఉంటారో వేరే చెప్పాలా?

మూడు తలలు నా వైపు తిరిగాయి. మొదటి తల మా స్టూడియో యజమానిది. నిమిషానికోసారి మణికట్టు చూసుకుంటాడు కాబట్టి వెనకాల అందరం గడియారం అంటాం. రెండోది టెస్టింగ్ చేసే పెద్దమనిషిది. ఆటలో ఎవరు ఎప్పుడు ఎలా చచ్చారో రాసిపెట్టడమే అతని ఉద్యోగం, అందుకని యముడి గుమస్తా అని పేరు. మూడోది చెల్లిది. నాలుగో తల తిరగలేదు. అది మూల కుర్చీలో కూర్చున్న మా నాన్నది. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు.

"రండి," అన్నాడు గడియారం. "పదకొండూ అయిదు. రెండింటికి డబ్బు పెట్టే కంపెనీవాళ్లు వస్తున్నారు. వాళ్ల ముందు ఇలా ఒక పిల్ల టపీమని పడి చస్తే నేనేం చెప్పుకోవాలి?"

"చూస్తాను," అన్నాను.

"చూడ్డం కాదు. పన్నెండింటికల్లా కారణం చెప్పాలి. లేకపోతే దూకే లెవెల్ మీ చెల్లెలికి అప్పగించేస్తాను. ఏముంది, ఇంట్లోనే ఉంటుంది కదా." తన జోకుకి తనే నవ్వుకున్నాడు. యముడి గుమస్తా నవ్వబోయి, నా మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

నాలుగేళ్లు. ఆ లెవెల్ మీద నేను నాలుగేళ్లు పెట్టాను. గాలి గుడ్డని ఎలా తోస్తుందో, తాళ్లు మెలిపడితే మనిషి ఎటు తిరుగుతాడో, కాళ్లు నేలకి తగిలేటప్పుడు మోకాళ్లు ఎంత వంగాలో అన్నీ ఒక్కదాన్నే కూర్చుని రాశాను. చెల్లి వచ్చి ఎనిమిది నెలలు. బొమ్మలు వేస్తుంది. బాగా వేస్తుంది, కాదనను. కానీ వచ్చిన మొదటి రోజే మీటింగులో చెయ్యెత్తి, "మా నాన్న సైన్యంలో ముప్పై ఒక్క ఏళ్లు పారాచూట్లు మడిచారు, పిలుద్దామా?" అంది.

గదంతా ఆశ్చర్యపోయింది. గడియారం నా వైపు తిరిగి, "మీరెప్పుడూ చెప్పలేదే!" అన్నాడు.

ఎలా చెప్తాను? చిన్నప్పుడు బడిలో గొప్పగా చెప్పుకుని ఇంటికొస్తే, "అదేమంత గొప్ప పని కాదు, ఎవరికీ చెప్పకు," అన్నది నాన్నే. నేను చెప్పలేదు. ఆ మాట మీద పాతికేళ్లు నోరు కుట్టేసుకున్నాను. చెల్లికి ఆయన అలాంటి మాట చెప్పనే లేదట.

అప్పటి నుంచి నాన్న వారానికి మూడు రోజులు సలహాదారుగా వస్తున్నారు. వచ్చి ఎక్కడ కూర్చుంటారు? చెల్లి సీటు పక్కన. కారిడార్‌లో దుప్పటి పరిచి మడత ఎలా వెయ్యాలో ఎవరికి చూపిస్తారు? చెల్లికి. నేను కాఫీ కప్పు పట్టుకుని ఆ దుప్పటి మీంచి దాటి నా సీటుకి పోవాలి. "చూసుకుని నడు పెద్దమ్మాయ్," అంటారు. అది చిన్నారి, నేను పెద్దమ్మాయిని. పిలుపులో కూడా నాకు వయసే మిగిలింది.

అందుకే ఇప్పుడు అందరూ నన్నలా చూస్తుంటే ఒళ్లు మండుతున్నా, లోపల ఎక్కడో చిన్న భయం. ఎందుకంటే నేను ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది.

చెల్లి లేచి నా ఎదురుగా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

"అక్కా, ఒకటి అడుగుతాను. పొద్దున్న మొదటిసారి ఏడో నంబరు పడగానే నువ్వు నీ సీటులో రీప్లే పెట్టుకుని చూశావా?"

"చూశాను. తప్పెక్కడుందో వెతకొద్దా?"

"ఎన్నిసార్లు?"

"గుర్తులేదు."

"నాలుగు," అంది. "రికార్డు ఉంటుంది. ఎవరు ఏ ముక్క చూశారో కూడా ఉంటుంది." యముడి గుమస్తా వైపు తిరిగింది. "చెప్పండి."

అతను ఇబ్బందిగా కాగితం తిప్పాడు. "అంటే... చివరి రెండు సెకన్లండీ. నాలుగుసార్లూనూ."

"రిజర్వ్ తెరుచుకోకపోతే తప్పు పైనుంటుంది, ఆకాశంలో," అంది చెల్లి. "హ్యాండిల్ లాగే దగ్గరుంటుంది. నువ్వు చూసింది నా మొహం నేలకి తగిలే దగ్గర. అక్కడేం వెతికావు?"

అబద్ధం చెప్పొచ్చు. నేల ఎత్తు కొలుస్తున్నానని చెప్పొచ్చు, మోకాళ్ల వంపు చూస్తున్నానని చెప్పొచ్చు. కానీ నిజం ఏమిటంటే, మొదటిసారి తప్పు కోసమే వెనక్కి తిప్పాను. రెండోసారి కూడా అనుకుంటాను. నాలుగోసారికి నేనేమీ వెతకడం లేదని నాకు తెలుసు. ఆ ముఖం అలా నేలని తాకుతుంటే నా కడుపులో ఎనిమిది నెలలుగా మండుతున్నదేదో కాస్త చల్లబడింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకే అసహ్యం వేస్తుంది.

"అంత కుళ్లు ఎందుకక్కా నా మీద? నేనేం చేశాను నీకు?"

"నువ్వేం చెయ్యలేదు. అదే గొడవ. నువ్వేం చెయ్యకుండానే నీకన్నీ వచ్చిపడతాయి."

"ఏం వచ్చిపడ్డాయి? రోజుకి వంద ఆకులు గీస్తున్నాను! నీ సైనికులు దూకే పొలంలో ప్రతి ఆకూ నా చేత్తో గీసిందే!"

"ఆకుల గురించి కాదు నేను మాట్లాడేది."

"మరి దేని గురించో చెప్పు. నాన్న ఇక్కడే ఉన్నారు. ఎదురుగానే చెప్పు."

నాన్న కళ్లజోడు పెట్టుకున్నారు. మళ్లీ తీశారు. అద్దంలో ఏ మచ్చ కనిపించిందో మళ్లీ తుడవడం మొదలుపెట్టారు.

"అమ్మా, తల్లీ," అన్నాడు గడియారం, చేతులు రెండూ ఎత్తి. "ఇంటి గొడవ ఇంటికెళ్లి పడండి. పదకొండూ ఇరవై. నాకు కావాల్సింది ఒక్కటే. ఆ పిల్ల రిజర్వ్‌ని మీరు కావాలని ఆపేశారా, లేదా?"

"లేదు."

"మరి ఎందుకు తెరుచుకోవడం లేదు?"

దాచిన విషయం ఇక బయటపెట్టక తప్పలేదు.

"కోడ్‌లో నేను ఒక లైను రాశాను," అన్నాను. "మూడు వారాల కింద. ఎవరికీ చెప్పలేదు."

యముడి గుమస్తా పెన్ను ఆగిపోయింది.

ఆ లైను సంగతి ఇది. నాన్న పారాచూట్‌ని గొడుగు అంటారు, ఆయనతో పనిచేసినవాళ్లందరూ అలాగే అనేవారట. ప్రతి రిజర్వ్ సంచికీ పక్కన చిన్న జేబు ఉంటుంది. అందులో కార్డు. మడిచినవాడు తేదీ వేసి సంతకం పెట్టి ఆ జేబులో పెట్టాలి. ఆ కార్డు కూడా ఆటలో ఉండాలని నాన్న పట్టుబట్టారు. చెల్లి ఆయన దాచుకున్న పాత ఖాళీ కార్డుని ఫొటో తీసి, చిన్నది చేసి, పన్నెండు సంచులకీ అతికించింది. తెర మీద గోరంత కనబడుతుంది. సంతకాలు మాత్రం నాన్న ట్యాబ్లెట్ మీద తన చేత్తోనే పెడతానన్నారు. అది విని ఎవరో నవ్వితే, మీటింగులో ఆయన అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "సంతకం లేకపోతే అది గొడుగు కాదు బాబూ, ఉత్త గుడ్డ."

ఆ సాయంత్రమే నా సీటులో కూర్చుని ఆ మాటని కోడ్‌గా రాసేశాను. కార్డు మీద సంతకం ఉంటేనే రిజర్వ్ తెరుచుకుంటుంది. లేకపోతే లేదు. ఎవరి అనుమతీ అడగలేదు. ఎందుకంటే అడిగితే అది మీటింగులో ఒక విషయమైపోతుంది, మీటింగులో విషయమైతే అది చెల్లి ఆలోచన అయిపోతుంది. నేను అనుకున్నది వేరు. ఏదో ఒక రోజు నాన్న ఆ సంగతి కనిపెడతారు. "ఇదెవరు పెట్టారు? నా మాట ఇంత బాగా విన్నదెవరు?" అంటారు. అప్పుడు నేను చెయ్యెత్తుతాను.

ఆయన కనిపెట్టలేదు.

ఇదంతా వాళ్లకి చెప్పలేదు లెండి. లైను సంగతి మాత్రమే చెప్పాను. గడియారం మొహం కందగడ్డ అయింది.

"నాకు చెప్పకుండా రాసిన లైను గురించి తర్వాత మాట్లాడతాను. ముందిది చెప్పండి. ఆయన పన్నెండు కార్డులకీ సంతకాలు పెట్టారుగా?"

"పెట్టారనే అనుకున్నాను. ఫోల్డర్‌లో పన్నెండు కార్డులు కనిపించాయి. తెరిచి చూడలేదు."

"పెట్టేటప్పుడు నువ్వు లేవూ?" అంది చెల్లి.

ఉన్నాను. భోజనాల గది గుమ్మం దాకా వచ్చాను. ట్యాబ్లెట్ మీద పెన్ను ఎలా పట్టుకోవాలో చెల్లి ఆయన వేళ్లు పట్టుకుని చూపిస్తోంది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. ఒక్క పది నిమిషాలు ఓర్చుకుని నిలబడి ఉంటే ఈ రోజు ఈ గదిలో ఇలా నిలబడే పనే ఉండేది కాదు.

"నువ్వున్నావుగా పక్కనే," అన్నాను.

"నాకు మధ్యలో ఫోనొస్తే లేచి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అయిపోయిందన్నారు నాన్న."

ఇంక మాట్లాడకుండా యముడి గుమస్తా పక్కన కూర్చుని ఫోల్డర్ తెరిచాను. ఏడో కార్డు నొక్కాను. గోరంత కార్డు తెర నిండా పరుచుకుంది. తేదీ ఉంది. నంబరు ఉంది. కింద గీత ఉంది. గీత మీద ఏమీ లేదు.

ఖాళీ.

"హమ్మయ్య," అన్నాడు యముడి గుమస్తా, ఆరుసార్లు చచ్చిన మనిషికి అసలు కారణం దొరికిన ఆనందంలో. "మర్చిపోయారన్నమాట పెద్దాయన. పన్నెండు పెట్టాలంటే ఒకటి జారిపోదూ?"

"మర్చిపోలేదు," అన్నారు నాన్న.

ఆ గదిలో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. కళ్లజోడు పెట్టుకుని మెల్లగా లేచి తెర దగ్గరికి వచ్చారు. ఏడో కార్డుకేసి, దాని మీద ఖాళీగా ఉన్న గీతకేసి చూశారు.

"కావాలనే పెట్టలేదు. నేను పెట్టకూడదది."

"ఎందుకండీ?" అన్నాడు గడియారం.

"గీత పైన చిన్నక్షరాల్లో ఉంటుంది, చూడండి. మా దగ్గర అన్ని కార్డుల మీదా అచ్చు వేసి ఉండేది. ఈ గొడుగు కట్టుకునే మనిషికీ నాకూ రక్తసంబంధం లేదు. ఆ మాట కింద సంతకం పెట్టాలి."

గడియారానికి అర్థం కాలేదు. "రక్తసంబంధం ఉంటే ఏమవుతుంది?"

"మా దగ్గర ఒకడుండేవాడు. మంచి పనివాడు. తమ్ముడు కూడా అదే దళంలో దూకేవాడు. తమ్ముడి రిజర్వ్ తనే మడుస్తానని తీసుకున్నాడు. మడిచాడు. నమ్మకం కుదరలేదు. విప్పి మళ్లీ మడిచాడు. మళ్లీ విప్పాడు. మడతలు జారకుండా మధ్యలో చిన్న ఇసక సంచులు పెట్టుకుంటాం, చివర్లో లెక్కపెట్టి తీసేస్తాం. నాలుగోసారి మడిచేటప్పుడు ఒక సంచి లోపలే ఉండిపోయింది. వేరేవాళ్లదైతే వాడు ఒక్కసారే మడిచేవాడు, సంచులు లెక్కపెట్టేవాడు, టీకి వెళ్లేవాడు. తమ్ముడి రిజర్వ్ తెరుచుకోలేదు. తర్వాత వచ్చింది ఆ రూలు. మన మనిషిదైతే ఆ బల్ల దగ్గర ఇంకొకరు నిలబడాలి. ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఆ గీత మీద అబద్ధం పెట్టలేదు."

"నాన్నా!" చెల్లి ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో అంది. "ఇది ఆట నాన్నా! నేను కాదు అది, బొమ్మ!"

"బొమ్మైతే నీ మొహం ఎందుకు పెట్టారు?" అన్నారు నాన్న.

చెల్లి వెళ్లి ఆయన్ని రెండు చేతులా చుట్టేసుకుంది. గడియారం కూడా ఒక క్షణం మణికట్టు చూసుకోవడం మర్చిపోయాడు. యముడి గుమస్తా ముక్కు ఎగబీల్చాడు.

నేను కుర్చీలో అలాగే కూర్చున్నాను. నా తప్పు లేదని తేలింది. ఆ సంగతి గదిలో ఎవరికీ పట్టలేదు. ఏడో నంబరు చావుకి నేను కారణం కాదట, నాన్న ప్రేమ కారణమట. బొమ్మకి కూడా ఉత్త సంతకం పెట్టలేనంత ప్రేమ. ఎనిమిది నెలల నుంచి కారిడార్‌లో దుప్పటి దాటుకుంటూ నేను అనుకున్నదంతా నిజమే అన్నమాట. చెల్లి తల ఆయన భుజం మీద ఉంది. ఆయన చెయ్యి దాని జుట్టు మీద ఉంది. నాకు ఆ చెయ్యి తప్ప గదిలో ఇంకేమీ కనిపించలేదు.

"సరే, సరే," గడియారం గొంతు సవరించుకున్నాడు. "పదకొండూ నలభై. ఎవరో ఒకరు పెట్టేయండి ఆ సంతకం. మళ్లీ నడిపి చూసుకుందాం. ఎవరు పెడతారు?"

"పెద్దమ్మాయి పెడుతుంది," అన్నారు నాన్న, ఆలోచించుకోకుండానే. "దానికోసమే వదిలాను ఆ కార్డు. గాలి సంగతి, తాళ్ల సంగతి ఈ ఇంట్లో నా తర్వాత దానికే తెలుసు. చిన్నదాని గొడుగు దాని చేతికిస్తే నాకు భయం లేదు."

నేను సరిగ్గా విన్నానా అనిపించింది. నా తర్వాత దానికే తెలుసు. ఆ మాట కోసమే కదా ఎవరికీ చెప్పకుండా దొంగలా ఆ లైను రాశాను. చెల్లి ఆయన భుజం మీంచి తలెత్తి చూసింది. చూడనీ. పదేళ్ల పిల్లకి బహుమతి వచ్చినట్టు నా చెవులు వేడెక్కాయి. ట్యాబ్లెట్ ముందుకు లాక్కున్నాను, పెన్ను తీశాను, ఏడో కార్డు గీత మీద దాని ముల్లు ఆనించాను.

ఆనించాక, ఎందుకో, గీత పైన ఉన్న చిన్నక్షరాలు చదివాను.

ఈ గొడుగు కట్టుకునే మనిషికీ నాకూ రక్తసంబంధం లేదు.

పెన్ను పైకి లేపాను.

"నేనెలా పెడతాను నాన్నా?" అన్నాను నవ్వుతూ. "నాకు చెల్లెలు కదా ఇది. నాది మాత్రం రక్తసంబంధం కాదా?"

గడియారం కూడా నవ్వాడు. "అవునండీ పెద్దాయనా, ఆ మాత్రం తోచలేదా? అక్కాచెల్లెళ్లు!"

నాన్న నవ్వలేదు.

చెల్లి జుట్టు మీదున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన మొహం నేను ముప్పై నాలుగేళ్లుగా చూస్తున్నాను. కోపం చూశాను, నిద్ర చూశాను, జ్వరం చూశాను. నోరు జారాక వెనక్కి తీసుకోలేని మనిషి మొహం మాత్రం అప్పుడే చూశాను.

"ఏదో మాటవరసకి అన్నాను," అన్నారు. "ఈయన చేత పెట్టించండి." యముడి గుమస్తాని చూపించారు.

నా ముఖం పెట్టిన సైనికురాలు నాలుగో నంబరు. ఆ సంగతి ఆ క్షణం దాకా నాకు గుర్తే లేదు. గుర్తొచ్చాక నా చెయ్యి నాకు చెప్పకుండానే కదిలింది. ఏడో కార్డు మూసి నాలుగో కార్డు నొక్కాను.

తేదీ. నంబరు. చిన్నక్షరాల మాట. దాని కింద గీత మీద, ఎక్కడా తడబడకుండా, చివర ఆ పాత వంపుతో సహా, మా నాన్న సంతకం.

గదిలో అందరికంటే ముందు చెల్లికి అర్థమైంది. నాన్న దగ్గర్నుంచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. దాని ఊపిరి నా మెడకి తగులుతోంది.

"చూసుకోకుండా పెట్టేసుంటారు అక్కా," అంది త్వరత్వరగా. "అన్ని కార్డులు కదా. వరసగా పెట్టుకుంటూ పోయుంటారు."

"ఏడోది చూసుకున్నారుగా," అన్నాను.

అది నా కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"నాన్నా. నాలుగో నంబరు మొహం ఎవరిదో నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే పెట్టావా?"

ఆయన తెరకేసే చూశారు. అబద్ధం ఒక్కటి చాలు. పొరపాటమ్మా, కళ్లజోడు లేదు, మసకగా కనిపించింది. ఏదన్నా సరే నమ్మేద్దును. నమ్మడానికి సిద్ధంగా కూర్చున్నాను. కానీ ఆ గీత గురించి ఆయన చేత అబద్ధం చెప్పించడం ఎవరి వల్లా కాదని ఇప్పుడే విన్నాను కదా.

"తెలిసే పెట్టాను," అన్నారు.

గడియారం మొదటిసారి తన మణికట్టు దాచుకున్నాడు. యముడి గుమస్తాని మోచేత్తో పొడిచి, "మనం బయటుందాం," అన్నాడు. ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయారు.

"నువ్వు కూడా వెళ్లు చిన్నారీ," అన్నారు నాన్న.

"నేనా?"

"ఒక్క పది నిమిషాలు. పెద్దమ్మాయితో మాట్లాడాలి."

చెల్లి కదల్లేదు. "నాకు తెలియకుండా అక్కతో ఏం మాట్లాడతావు? నేను ఉంటే ఏం? ఏదైనా నాకూ సంబంధమే కదా!"

"వెళ్లమ్మా."

అది తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ముందు నాన్నని చూసింది, తర్వాత నన్ను. ఆ చూపు నాకు కొత్త కాదు. ఎనిమిది నెలలుగా పొద్దున్నే అద్దంలో నా మొహం మీద అదే చూస్తున్నాను. ఇవాళ దాని మొహం మీదికి వెళ్లింది. తలుపు కాస్త గట్టిగానే వేసుకుంది.

ఎన్నాళ్ల నుంచో నేను కోరుకున్నది ఇదే. ఒక గది, అందులో నాన్న, నేను, మధ్యలో ఎవరూ లేకుండా. ఆయన కుర్చీ లాక్కుని నాకెదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. నాకు లేచి చెల్లి వెనకే పారిపోవాలనిపించింది.

"నిన్ను ఇంటికి తెచ్చేనాటికి నీకు తొమ్మిది నెలలు," అన్నారు. "మీ నాన్న మా దళంలోనే ఉండేవాడు. నేను మడిచేవాణ్ని, వాడు దూకేవాడు. వాడంత నవ్వే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆరోజు గాలి కూడా లేదు. వాడి మెయిన్ తెరుచుకోలేదు."

తెర మీద నాలుగో కార్డు ఇంకా అలాగే ఉంది.

"రిజర్వ్ ఉంటుంది కదా," అన్నాను. "మెయిన్ పోయినా ఛాతీ మీద రిజర్వ్ ఉంటుంది కదా నాన్నా?"

"ఉంది," అన్నారు. "నేను మడిచిందే."